ఇంటి నిండ మనుషులు

కొత్తపేట రోడ్డు పక్కన తెలంగాణ ఉద్యమం టెంటు వేసినన్ని దినాలు అక్కడి పాటంత నా గొంతు మీదనే నడిచింది. లారీలు ఆగి వినేవి. పోలీసులు సుత టోపీలు తీసి తల ఊపేటోళ్లు.

ఇన్నేండ్ల నుంచి అందరికీ ఇదే చెప్తున్న. చెప్పి చెప్పి నాకే నమ్మకం కుదిరింది. అసలు సంగతి ఏందంటే, నేను వంత పాడేటోన్ని. వంతగాళ్లల్ల సుత వెనుక వరస. మైకు నా దాంక ఎన్నడూ రాలేదు. లారీలు ఆగింది సిగ్నలు పడి.

నేను బస్సు కండక్టరుగ చేసి రిటైరైన. ఊర్ల పేర్లు అరిచి అరిచి గొంతు గట్టిపడ్డది, అంతే నా సంగీతం. నల్గొండ దిక్కు మా ఊరు. పిల్లలు కాలేదు మాకు. ఉద్యమం జోరందుకునే ముందే ఇంటామె దవాఖానలో పోయింది. మన్సూరాబాద్‌లో ఒక్క రూము కిరాయికి తీసుకొని ఉంటున్న. రోజూ రైతుబజారుకు పోయేటోన్ని. ఒక్క మనిషికి రోజూ కూరగాయలెందుకంటే, కూరగాయలకు కాదు, బేరమాడనీకె. బేరమాడితే నాలుగు మాటలు దొరుకుతయి. వంకాయలమ్మే ఆమెకు సంగతి తెలిసిపోయి, నన్ను చూడంగనే ధర తగ్గించి చేతిల పెట్టేది. అట్ల మాట తెగిపోయేది.

గా దినాలల్లనే టెంటు పడ్డది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాంక రోడ్డే ఒక వేదికయింది. పొద్దున డప్పులు, మధ్యాహ్నం కాలేజీ పిల్లల నాటిక, సాయంత్రం పాటలు. దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు ఒకాయన టెంటు వెనుక తెల్లబట్ట కట్టి రోజుకో బొమ్మ వేసేటోడు. ఎదురుంగ టిఫిన్ సెంటరు ఆయనది కోస్తా. రోజూ వచ్చి, "పాట బావుందండీ, సౌండే కొంచెం తగ్గించండి, ఇడ్లీ అడిగితే వడ వినబడుతోంది," అని పోయేటోడు. పోతూ పోతూ చేతులతోని తాళం వేసుకుంటూ పోయేటోడు.

రిలే నిరాహార దీక్ష అంటే రోజుకో సంఘం కూసునేది. ఒక దినం టీచర్లు, ఒక దినం ఆటోవాళ్లు, ఒక దినం లాయర్లు. పొద్దున మెడల దండేసి కూసోబెడతరు, పొద్దుగూకంగ నిమ్మరసం తాపి లేపుతరు. మా బస్సోళ్ల దినం వచ్చినప్పుడు నేను హక్కుతోని కూసున్న. పక్కన మనిషి భుజం నా భుజానికి ఆనుతుండె. మధ్యాహ్నం ఎవరో నా మీద నీడ పడేటట్టు పరదా జరిపిన్రు. సాయంత్రం ఒక పిల్ల గిలాస నా నోటికాడ పెట్టి, "జర మెల్లగ తాగు తాతా," అన్నది. ఆ రాత్రి రూముకు పోయి పడుకున్న గాని నిద్ర రాలేదు. రేపు ఏ సంఘమో అనుకున్న.

ఆటోవాళ్ల దినం, నేను సుత కొన్నొద్దులు ఆటో నడిపిన్నని చెప్పి కూసున్న. నడపలేదు, ఎక్కిన. లాయర్ల దినం, నేను కోర్టుల శానేండ్లు ఉన్ననని చెప్పిన. అది ఒట్టి అబద్ధం కాదు, మాకొక భూమి కేసుండె. టీచర్లకు ఏం చెప్పిన్నో యాదికి లేదు, నమ్మిన్రు. ఉద్యమంల మనిషి వచ్చి కూసుంటానంటే పొమ్మనే పద్ధతి లేదు.

దొరికిపోయింది టైలర్ల దినమే. మా పాటల జట్టుకు ముందుండి పాడే ఆమె కర్మన్‌ఘాట్‌లో మిషన్ కుడతది. నాకు బిడ్డుంటే ఆ వయసుంటది. నేను ఆమె సంఘం వరసల కూసోని, పాతికేండ్లు అంగీలు కుట్టిన్నని పక్కాయనకు చెప్తున్న. దండలు వేసుకుంట నా దాంక వచ్చింది, నా అంగీ దిక్కు చూసి నవ్వింది. తెల్ల అంగీకి గుండీ ఊడితే నేనే నల్లదారంతోని కుట్టుకున్న.

తర్వాత నవ్వు ఆపి, పక్కన కూసోని, గొంతు తగ్గించి అడిగింది. "కాకా, ఇంటికాడ ఎవ్వరు లేరా?"

లేరు అంటే అయిపోయేది. గాని ఆమె కండ్లల్ల జాలి కనబడ్డది. వంకాయలామె ధర తగ్గించినప్పటి చూపే. నాకు పడలేదు.

"ఎందుకు లేరు బిడ్డా, ఇంటి నిండ ఉన్నరు. కొడుకు, కోడలు, మనుమరాలు. ఊపిరాడదు. అందుకే ఈడికొచ్చి కూసుంటున్న."

ఆమె మొఖం తేటబడ్డది. ఆ దినం నుంచి పాటలు కాంగనే నన్నే ముందుగాల పంపేది, ఇంట్ల పరేషాన్ అయితరు పో కాకా అనుకుంట. తక్కినోళ్లు టెంటు కింద చాయ తాగుతుంటే నేను లేని కోడలి కోసం లేచిపోయేటోన్ని.

రాష్ట్రం వచ్చిందని తెలిసిన దినం ఏడ్వనోడు లేడు. నేను సుత ఏడ్చిన, అందరికంటే ఎక్కువ ఏడ్చిన. గులాల్ పూసి, నన్ను భుజాల మీద ఎత్తుకొని తిప్పిన్రు. ఎత్తుకోలేదు, పట్టుకున్నరు, ఎందుకంటే నా కాళ్లు ఆడలేదు. తెలంగాణ రావద్దని ఎవరంటరు? రావాలెనని గొంతు పోయేటట్టు అరిచిన. గాని టెంటు గుంజలు పీకుతుంటే, ఇంకొన్నొద్దులు ఆగి వస్తే ఏం పోయేది అనిపించింది. ఈ మాట ఎన్నడూ ఎవరితోని అనలేదు.

ఆ సాయంత్రం టైలరామె జట్టుల హాస్టల్ పిల్లలను, ఒంటరిగ ఉండే డప్పాయనను తన ఇంటికి బువ్వకు పిలిచింది. నా చేతిల ఒక లడ్డు పెట్టి, "మనుమరాలికియ్యి కాకా, ఈ దినం సుత ఆలస్యం చేస్తే మీ కోడలు నన్ను తిడతది," అన్నది. నేను ఎల్బీనగర్ దాంక నడిచి, చౌరస్తాలో నిలబడి ఆ లడ్డు తిన్న.

తర్వాత ఆమె దుకాణానికి పోవుడు మొదలుపెట్టిన. గుండీ ఊడిందనో, పైజామ పొడుగైందనో. ఊడని గుండీలు సుత పీకిన. పోయినప్పుడల్ల ఆమె మిషన్ తొక్కుకుంట ఇంటి సంగతులడిగేది, నేను చెప్పేటోన్ని. కొడుకుకు ప్రమోషన్ వచ్చింది. కోడలికి కోపమెక్కువ. మనుమరాలు మాటకారి, నా పోలికే. చెప్తుంటే పొద్దు తెల్వకపోయేది. ఆమె అంత మంచిగ వినేది.

బతుకమ్మ ముందు ఒక దినం, మనుమరాలిని తోలుకరా, పైసలొద్దు, గౌను కుట్టి ఇస్త అన్నది. రేపు మాపు అని దాటేసిన. మూడోసారి పోయినప్పుడు పిల్ల ఏదని అడిగితే, జొరమొచ్చిందన్న. మిషన్ ఆపేసింది. దవాఖానకు తీస్కపోయిన్రా, ఎన్నొద్దులైంది అని అడిగింది. ఉత్త జొరమే అన్న. ఆమె చేతిల బట్ట పక్కన పెట్టి, సాయంత్రం వచ్చి చూసిపోత, ఇల్లెక్కడ అన్నది.

ఏదో ఒక గల్లీ చెప్పొచ్చు. అబద్ధమాడుడు నాకు కష్టమైన పని కాదు. గాని లేని పిల్ల కోసం ఆమె అంత భయపడుతుంటే నోరు తిరగలేదు. నా రూము గుర్తులు ఉన్నదున్నట్టు చెప్పిన.

ఇంటికొచ్చి ఊడ్చిన. మంచం మీద దుప్పటి మార్చిన. ఆమె బ్రెడ్డు, పండ్లు పట్టుకొని వచ్చింది. గడపల నిలబడి లోపలికి చూసింది. ఒక్క మంచం, ఒక్క కుర్సీ, బోర్లించిన ఒక్క పళ్లెం. పిల్ల ఏదని అడగలేదు. నేనే చెప్పిన, ఎవ్వరు లేరు బిడ్డా అని.

"నాడు టెంటుల అడిగిన గద కాకా," అన్నది. కోపం లేదు. అలసిపోయినట్టున్నది. బ్రెడ్డు, పండ్లు కుర్సీ మీద పెట్టి, కుట్టే జాకెట్లు శానా ఉన్నయని పోయింది.

ఇప్పుడు సుత ఆమె దుకాణానికి పోత. మర్యాదకు తక్కువ చెయ్యదు, కూసో అంటది, గుండీ కుట్టి ఇస్తది, చాయ తెప్పిస్తది. ఇంటి సంగతులు మాత్రం అడగదు. అడగనీకె ఏమున్నది? మిషన్ చప్పుడు వినుకుంట చాయ తాగి, లేచొస్త.