రాయబారి లేని ఇంటికి కాపలాదారు

మంగళవారం నాకు డ్యూటీ రోటాలో సెలవు. ఉదయం ఏడుంబావుకి బేసింగ్‌స్టోక్ స్టేషన్‌లో రిటర్న్ టికెట్ తీసుకుని లండన్ రైలెక్కాను. సంచిలో పాస్‌పోర్టు, అడ్రసు రుజువుకి కౌన్సిల్ టాక్స్ బిల్లు, రెండు పెన్సిళ్ళు, డబ్బాలో పులిహోర. వెళ్ళేది ఊరు చూడటానికి కాదు, నూట ఇరవై ఏళ్ళ నాటి ఒక మనిషి పేరు వెతకడానికి.

నేను వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సుని. మా హోమ్‌లో వెస్నా అనే తొంభై ఒక్క ఏళ్ళ సెర్బియా ఆవిడ ఉన్నారు. ఆవిడ అమ్మకి తండ్రి, తాత యోవాన్, బెల్‌గ్రేడ్‌లో బ్రిటిష్ రాయబారి ఇంటికి కాపలాదారు. 1903లో అక్కడి సైనికాధికారులు రాజభవనంలోకి చొరబడి రాజునీ రాణినీ చంపి, వేరే వంశం వాణ్ణి గద్దెనెక్కించారు. యోవాన్ ఆ హంతకులకి కబుర్లు చేరవేశాడనీ, అందుకే ఇంగ్లీషువాళ్ళు తరిమేశారనీ వీధిలో చెప్పుకున్నారట. వెస్నాగారి అమ్మ ఆ నింద మోస్తూనే పోయింది. ఇప్పుడు వెస్నాగారి గుండె బలహీనపడింది.

"నిజమైనా అబద్ధమైనా సరే, నాకు తెలియాలి. తెలిసింది దాచకు," అన్నారు ఒకరోజు నేను మాత్రలు ఇస్తుంటే. దాచనని మాటిచ్చాను.

రైల్లో నేను ఫోన్లో మా అక్కతో మాట్లాడటం విని, ఎదురుసీటాయన పలకరించాడు. ప్రొద్దుటూరు మనిషి, ఐటీ ఉద్యోగం. పని మీద వెళ్తున్నానంటే సంగతంతా అడిగాడు.

"వాళ్ళ రాజును వాళ్ళు చంపుకుంటే మధ్యలో ఈ ఇంగ్లీషోళ్ళకేమక్కా?"

"ఈళ్ళకీ రాజున్నాడు కదండీ. ఊరుకుంటే బాగోదనుకున్నారు. రాయబారిని వెనక్కి పిలిపించేసి, మూడేళ్ళు కొత్త రాజుతో రాకపోకలే పెట్టుకోలేదు."

"మళ్ళా ఎట్లా కలిసినారు?"

"చంపినవాళ్ళలో ముఖ్యుల్ని ఉద్యోగాల్లోంచి తప్పించాక."

"జైల్లో ఏసినారా?"

"లేదండీ. పెన్షనిచ్చి ఇంటికి పంపారు."

"మీ పెద్దామె తాత పేరు దొరకాలక్కా," అన్నాడు.

క్లాపం జంక్షన్‌లో దిగి రిచ్‌మండ్ రైలెక్కాను. అక్కణ్ణుంచి అండర్‌గ్రౌండ్‌లో ఒక్క స్టేషన్, క్యూ గార్డెన్స్. పది నిమిషాలు నడిస్తే పాత ప్రభుత్వ పత్రాలు దాచిన భవనం వస్తుంది. వెళ్ళాలనుకునేవాళ్ళు ఫైళ్ళు ముందే ఆన్‌లైన్‌లో చెప్పిపెట్టుకోవాలి. సంచి, కోటు లాకర్‌లో ఉంచాలి. పెన్ను లోపలికి రానివ్వరు. రీడర్ కార్డు చేయించుకుని పదింటికి బల్ల ముందు కూర్చున్నాను.

మొదటి ఫైలంతా రాయబారి ఉత్తరాలు. ఏ దేశాలు కొత్త రాజుని పలకరించడానికి తొందరపడ్డాయో, తాము ఎంత దూరంగా ఉండాలో అందులో ఉంది. యోవాన్ పేరు లేదు. రెండో ఫైల్లోనూ లేదు. ఒంటిగంటకి కిందకెళ్ళి పులిహోర తిని, సాయంత్రంలోపు ప్రతి కాగితమూ తిప్పాల్సిందేననుకుని పైకి వచ్చాను.

నా అవస్థ చూసి అక్కడ పనిచేసే నెరిసిన జుట్టావిడ వచ్చింది. "పేర్లు సరిగ్గా రాసుంటారనుకోకండి. తమ నోటికి వీలుగా మార్చేసేవారు," అంది.

అప్పుడు తట్టింది. ఉదయం నుంచి 'కాపలాదారు జాన్' అని రెండుసార్లు చూసి, ఎవరో ఇంగ్లీషువాడులే అని దాటేశాను. ఒంగోలు చర్చిలో యోహాను సువార్త చదువుతూ పెరిగినదాన్ని. యోహాను, జాన్, యోవాన్ ఒకటే పేరు.

మళ్ళీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాను. రాయబారి వెళ్ళిపోతూ ఇంటి తాళాలు జాన్‌కి అప్పగించాడు. వెనక మిగిలిన చిన్న అధికారి రాసిన ఉత్తరంలో, ఆ సెర్బియా జాన్ తన అనుమతి లేనిదే ఎవరికీ గేటు తియ్యలేదని ఉంది. అక్కడితో ఆగలేదు. మూడో ఫైలు, 1906: స్నేహం కుదిరింది, కొత్త రాయబారి వచ్చాడు, తన మనిషిని తెచ్చుకున్నాడు, జాన్‌ని తీసేశారు. తప్పేదీ రాయలేదు. మొత్తం రెండు వాక్యాలు. గేటు సంగతి ఉన్న ఉత్తరాన్నీ, ఈ కాగితాన్నీ ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను.

నాలుగున్నరకి బయటపడ్డాను. క్లాపంలో బేసింగ్‌స్టోక్ రైలెక్కి హోమ్‌కి ఫోన్ చేస్తే, డ్యూటీలో ఉన్నావిడ వెస్నాగారికి ఇచ్చింది. మంచి సగమే చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. మాటిచ్చాను కాబట్టి అంతా చెప్పాను.

"అయితే తీసేసిన మాట నిజమే," అన్నారు.

"నిజమే. మూడేళ్ళు ఇల్లు కాపాడాక తీసేశారు. ద్రోహం చేసినందుకు కాదు."



"ఆ వీధిలో నడవాల్సి వస్తే మా అమ్మ తల దించుకునేది," అన్నారు వెస్నాగారు. "ఆ గేటు ఉత్తరం ఫోటో తీశావా? పెద్దది చేయించు. రేపు నా మంచం ఎదురుగా పెట్టు."

ఫోన్ పెట్టేశాక బ్యాగులో ఖాళీ డబ్బా సర్దుకుని కూర్చున్నాను. రాజ్యాలు అలిగిన తీరు, కలిసిన తీరు వివరంగా రాసుకున్నాయి. వాటి మధ్య నలిగిన మనిషికి సొంత పేరు కూడా రాయలేదు. ఫోటో కింద నేను పెద్ద అక్షరాలతో 'యోవాన్' అని రాయాలనుకున్నాను. రేపు షిఫ్టు ఏడింటికి. ఆరున్నరకే వెళ్తాను.