నువ్వుల నూనె తేలిన తొట్టి

నాగేష్ గురించి చెప్పాలంటే ముందు నీళ్ళ గురించి చెప్పాలి. అతనూ అలాగే మొదలుపెడతాడు, వినేవాళ్ళకి ఆవలింతలు వచ్చేదాకా. బర్మాలోని యాంగోన్‌లో జపాన్ అతిథుల కోసం కట్టిన ఓ హోటల్లో వేడినీళ్ళ స్నానశాల అతని చేతిలో ఉంది. జపాన్‌లో కొన్ని సత్రాల్లో భూమిలోంచి ఉబికే వేడినీరు తొట్టిలోకి వస్తూ, అంచు మీంచి పొర్లిపోతూనే ఉంటుందట. ఊట చాలని చోట వాడిన నీటినే వడగట్టి, కాచి, మందు కలిపి మళ్ళీ తొట్టిలోకి పంపుతారు. ఇక్కడ ఊటే లేదు, ఉన్నవి బోరునీళ్ళు. వాటిలోని ఇనుము తీసేసి, బాయిలర్లో కాచి, ఇసుక ఫిల్టర్‌లోంచి ఆగకుండా తిప్పుతుంటారు. అందుకే ఒళ్ళు సబ్బుతో కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. నూనె పడితే ఇసుక ముద్దకట్టేస్తుంది. ఈ ముక్క ఎంత పెద్ద అతిథికైనా మొహమాటం లేకుండా చెప్పేవాడు.

అతని తల్లి అప్పలనరసమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఊరి శివారు ఇన్సేన్‌లో తమ ఇంటి మెట్లు దిగాలన్నా గోడ పట్టుకోవాలి. ఆ తొట్టిలో ఒక్కసారి కూర్చోబెట్టరా అని కొడుకు ప్రాణం తీసేది. వారానికో మధ్యాహ్నం స్నానశాల మూసి, నీళ్ళు వదిలేసి, తొట్టి కడుగుతారు. వదిలేసే ముందు అమ్మని దింపితే ఎవరికీ నష్టం లేదనుకున్నాడు నాగేష్. ఇంటి దగ్గరే శుభ్రంగా రుద్దుకుని రమ్మన్నాడు.

ఆవిడ రుద్దుకునే వచ్చింది. వచ్చాక, బట్టలు మార్చుకునే గదిలో, సంచిలోంచి సీసా తీసి మోకాళ్ళకీ పిక్కలకీ నువ్వుల నూనె దట్టంగా పట్టించింది. నూనె రాసుకోకుండా వేడినీళ్ళు పోసుకోవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక లేదు. నాగేష్ బయట కాపలా కాస్తున్నాడు.

“ఏటిరా, ఇంత సుకం ఆ జపానోళ్ళకే దాసీసినారా?” అంది తొట్టిలో తనివితీరా నాని బయటికొచ్చి. కొడుకు మురిసిపోయి ఆవిణ్ణి టాక్సీ ఎక్కించాడు.

తిరిగొచ్చేసరికి మేనేజర్ కబురు. కరెంటు సరిగా లేదు, జనరేటర్ మీద బోరు తిరగదు, ఈ వారం నీళ్ళు వదలొద్దు, ఉన్నవే తిప్పమన్నాడు. అమ్మ కడుక్కునే దిగింది కదా అని నాగేష్ మోటారు వేసేశాడు.

పొద్దున్న తొట్టి నిండా జిడ్డు తేలింది, అంచుల్లో నురగ. చెయ్యి ముంచి వాసన చూసుకోగానే అతనికి అంతా తెలిసిపోయింది. ఈలోగా అతిథులు గోల పెట్టారు, మేనేజర్ దిగాడు. స్నానశాల తుడిచే ఆయే ఆయే అనే బర్మా అమ్మాయి అక్కడి టేకు పీటలకి నూనె మెరుగు పెడుతుంటుంది. ఆయన ఆ పీటల్ని చూశాడు, ఆమెని చూశాడు, నాగేష్‌ని అడిగాడు, ఇది పీటల నూనేనా అని.

“అయ్యుండొచ్చు,” అన్నాడు నాగేష్.

ఆయే ఆయే చేతిలోని గుడ్డ పిండి ఆరేసింది. ఆ పూటే ఆమెని పనిలోంచి తీసేశారు. బట్టల ఫ్యాక్టరీ నూలు దుమ్ముకి దగ్గు పట్టుకుంటే, అక్కడ మానేసి ఈ పనిలో చేరిన మనిషి. ఆ సంగతి నాగేష్‌కి బాగా తెలుసు.

జిడ్డు పట్టిన ఇసుక తీసి కొత్తది పోశాడు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నంలో నువ్వుల వాసనే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు, కానీ చెప్పలేదు. అంత నోరున్న మనిషికి తన తప్పు దగ్గర మాట పెగల్లేదు, చూడండి. చివరికి తల్లి మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తావని అడిగితే, ఆవిడ మీద విరుచుకుపడి జరిగిందంతా కక్కేశాడు.

అప్పలనరసమ్మ మోకాలు రుద్దుకుంటున్న చెయ్యి ఆపేసింది. “మరి ఆ పిల్ల గతేటిరా? ఎల్లి సెప్పు, మా యమ్మ సేసిందని.”

మేనేజర్‌కి చెప్పేశాడు. ఆయన తిట్టగలిగినన్ని తిట్లు తిట్టి, వెళ్ళి ఆమెని నువ్వే పిలుచుకురా అన్నాడు. బస్సెక్కి ఫ్యాక్టరీల పేట లైంగ్‌థార్యార్ వెళ్ళాడు. ఆయే ఆయే అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. జుట్టు నిండా నూలు పీచు, మాటకి ముందు దగ్గు. మళ్ళీ అక్కడే చేరిపోయింది.

గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

“ఆ రోజు బట్టల గది తుడిచింది నేనే, నాగేష్ అన్నా. నేలంతా నువ్వుల నూనె. మీ అమ్మగారు వచ్చారని తెలుసు.”

తెలిసి మేనేజర్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“ఆయన అడిగింది మిమ్మల్ని కదా,” అంది.