తడిగుడ్డ చుట్టిన వేలు

రాయగడలో మా దుకాణం వెనకింట్లో అంట్లు తోమడానికి ఒకామె వచ్చేది. ఆమెను తలుచుకుంటే ముందు ఆ చూపుడువేలే గుర్తొస్తుంది. వెంట తెచ్చుకున్న చంటిబిడ్డ పాలు తాగడం అయిందో లేదో, కాచిన నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ ఆ వేలికి చుట్టి చిగుళ్లు తుడిచేది.

తొంభైల చివర్లో మా పాపకి తొలిపళ్లు వచ్చాయి. పంచదార కలిపిన పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చేదాన్ని. ఒకరోజు ఆమె గుడ్డ పట్టుకుని దగ్గరికొచ్చింది.

"తీపి పాలు నోట్లో ఉండిపోతే పళ్లు పుచ్చిపోతాయమ్మగారూ. ఓపాలి తుడిసేస్తాను."

"అంట్లు తోమిన సేత్తోనా? నువ్వేటి, డాక్టరువా? పాలపళ్లే కదే, ఎలాగూ ఊడిపోతాయి," అన్నాను.

ఆమె గుడ్డ మడిచి బొడ్లో దోపుకుంది. మళ్లీ ఆ మాటెత్తలేదు.

రెండేళ్లు నిండేసరికి పాప ముందుపళ్లు నాలుగూ నల్లబడి విరిగాయి. నొప్పికి అన్నం ముట్టేది కాదు. కోరాపుట్‌లో పళ్ల డాక్టరుకి చూపించడానికి రైల్లో వెళ్లాం. పాప ఆమె చంక దిగదని ఆమెనీ తీసుకెళ్లాను.

"పాలు పట్టాక తడిగుడ్డతో తుడవమని మీకెవరూ చెప్పలేదా?" డాక్టరు హిందీలో అడిగారు.

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాను.

పక్కనే ఉన్న ఆమెకి హిందీ వచ్చని నాకు తెలుసు. అయినా అన్నాను. ఆమె పాప తల నిమిరింది.

తిరుగు రైలు కకిరిగుమ్మ స్టేషను దాటాక పాప పాలు తాగింది. ఆమె బొడ్లోంచి గుడ్డ తీసి, తడిపి, వేలికి చుట్టుకుంది. పాప నోటిదాకా తెచ్చిన చెయ్యి ఆపి నాకేసి చూసింది.

"ఇందాక డాక్టరుగారి కాడ సబ్బుతో సెయ్యి కడుక్కున్నానమ్మగారూ," అంది.