పెళ్లి కేసెట్ మీద ఎక్కించిన సినిమా

ఇరవై ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, నాలుగు మాటలు. చెప్పడానికి అర నిమిషం పట్టలేదు. దించుకోవడానికి మాత్రం ఇన్నేళ్లూ చాలలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనేముంది?

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. తొంభైల నాటి హారర్ సినిమాలంటే నాకు ప్రాణం. ముసుగు వేసుకున్నవాడొకడు కత్తి పట్టుకుని కాలేజీ పిల్లల్ని ఒక్కొక్కరినీ వెతికి వెతికి చంపే సినిమాలు. మా తాతలు వలస వచ్చిన ఈ దేశంలో, పోర్ట్ క్లాంగ్ ఓడరేవు దగ్గర నా ఫ్లాట్‌లో ఒక గది నిండా ఆ వీడియో కేసెట్లే. షిప్పింగ్ ఆఫీసులో కంటైనర్ల కాగితాలు చూసుకునే నలభై ఎనిమిదేళ్ల పెళ్లికాని ఆడదానికి ఇదేం సరదా అని చుట్టాలు మొహం మీదే అడుగుతారు. నాలాంటివాళ్లు మరికొందరున్నారు లెండి. నెలకో ఆదివారం బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఒక హోటల్లో చేరి, అరటాకులో అన్నం తింటూ, ఏ సినిమాలో ఎవరు ముందు చస్తారని వాదించుకుంటాం.

ఇప్పుడవన్నీ ఫోన్లోనే దొరుకుతాయి. అయినా మాకు కేసెట్టే కావాలి. తెర అడుగున వణికే ఆ గీతలు లేకపోతే మాకు భయం వేయదు. ఆ రోజుల్లో ఇక్కడ అమ్మే కేసెట్లలో సెన్సారువాళ్లు కోసేవారు. కత్తి పైకి లేచేది, మరుక్షణం అంబులెన్సు వచ్చేది. మధ్యలో ఏం జరిగిందో మేమే ఊహించుకోవాలి. అందుకే కోతల్లేని కాపీ అంటే అంత మోజు. నా దగ్గర అలాంటిది ఒకటుంది. మా గుంపులో అందరూ దాన్ని కళ్లకద్దుకుంటారు.

దాని మీద అంతకుముందు మా అన్నయ్య పెళ్లి ఉండేది.

మా ఇళ్లలో కొత్త జంట ఇంటికి రాగానే ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. ఒకరి పేరు ఒకరు చెబితేనే దారి వదులుతుంది. ఆ రోజు అడ్డం నిలబడింది నేనే. అన్నయ్య సిగ్గుపడి నోట్లోనే గొణిగాడు. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాను. రెండోసారి, నవ్వాపుకుంటూ, వీధంతా వినబడేలా తన పెళ్లాం లచ్చిమితో వచ్చానని చెప్పాడు. వదిన పేరు మార్చి రాస్తున్నాను. వీడియో తీసినవాడు పెళ్లంతా సినిమా పాటలు పరిచేశాడు. తాళి కట్టేటప్పుడు పాట, అక్షింతలకు పాట. ఆ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం మాత్రం, ఎందుకో మరి, ఉన్న మాటలు ఉన్నట్టే వదిలేశాడు. మా అన్నయ్య గొంతు ఈ లోకంలో నిలిచింది ఆ ఒక్క నిమిషంలోనే. అప్పటికి ఆ సంగతి ఎవరికి తెలుసు?

వాళ్లు దగ్గర్లోనే అద్దింట్లో కాపురం పెట్టారు. అక్కడ వీడియో ప్లేయరు లేదని వదిన ఆ కేసెట్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టి మా అలమారాలో దాచింది. కొన్ని నెలలకు చైనీస్ న్యూ ఇయర్ వచ్చింది. వాళ్లిద్దరూ వదిన పుట్టింటికి, హుటాన్ మెలింటాంగ్ వెళ్లారు. ఆ రోజు పొద్దున్నే, ఓడ మీద పనిచేసే ఒకతను తెచ్చిన కోతల్లేని కేసెట్ నా స్నేహితురాలి చేతికొచ్చింది. సాయంత్రం ఓడ కదిలేలోపు తిరిగిచ్చేయాలి. మాదీ తనదీ ప్లేయర్లు రెండూ తీగతో కలిపి సిద్ధంగా పెట్టాను. ఖాళీ కేసెట్ లేదు. పండగకి ఊళ్లో ఒక్క దుకాణం తలుపు తీసి లేదు.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. కేసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దానిమీద పొరపాటున ఎవరూ రికార్డు చేయలేరు. పెళ్లి కేసెట్‌కి ఆ రెక్క విరిచే ఇచ్చారు. ఆ గాడి మీద సెల్లోటేపు అంటిస్తే మళ్లీ రికార్డవుతుంది. నేను కత్తెర వెతికి, సెల్లోటేపు కొలిచి కత్తిరించి, గోటితో నొక్కి మరీ అంటించాను. కాబట్టి పొరపాటున చెరిగిందని నాకు నేను చెప్పుకునే వీలు కూడా లేదు. వీడియో అతని దగ్గర అసలుది ఉంటుందిగా, వచ్చే వారం ఇంకో కాపీ తెచ్చుకుందాం అనుకున్నాను. ఆ వచ్చే వారం రెండేళ్లయినా రాలేదు.

వదిన కడుపుతో ఉండగా అన్నయ్య నడిపే లారీ ఓడరేవు రోడ్డు మీద బోల్తాపడింది. పెద్ద కర్మ అయిన మర్నాడు వీడియో అతని దగ్గరికి పరుగెత్తాను. అసలు టేపు మీద ఎప్పుడో వేరేవాళ్ల పెళ్లి ఎక్కించేశానన్నాడు. అతన్ని తిట్టడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. నేను చేసిందీ అదే కదా.

సంవత్సరీకానికి వదిన పాపని చంకన వేసుకుని పుట్టింటి నుంచి వచ్చింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"సిన్నీ, ఆ పెళ్లి టేపు ఓపాలి పెట్టు. పాపకి ఆళ్ల నాన్న గొంతు ఇనిపిత్తాను."

"టేపు నేదు వదినా. బూజు పట్టేసినాది. పారేసినాను."

"బూజేటి? కవర్లో సుట్టి కదా పెట్టినాను."

"అదే మరి. కవర్లో సుట్టకూడదు. సెమ్మంతా లోపలే ఉండిపోతాది."

వదిన పాప తల నిమిరింది.

"అయితే నానే పాడు సేసినానా?"

నేను కాదనలేదు. పాపకి పాలు కలుపుతానని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఈ దేశపు ఉక్కలో కేసెట్లకి తెల్ల బూజు పట్టడం మామూలే. అందుకే ఆ అబద్ధం అంత సులువుగా నోటికొచ్చింది. చెరపడం పందొమ్మిదేళ్ల పిల్ల తెలివితక్కువతనం అనుకుందాం. కానీ ఆ తర్వాతి మాట? చెమ్మ లోపలే ఉండిపోతుందని నేనెందుకన్నాను? ఎవరడిగారు? ఒకవేళ నాకు కావలసింది తప్పించుకోవడం మాత్రమే కాదేమో, ఆ తప్పు మోయడానికి ఇంకొకరు కావాలేమో. అప్పటికే అన్నీ పోగొట్టుకున్న మనిషి నెత్తిన ఇదీ పెట్టాను. ఆమె కిక్కురుమనకుండా ఎత్తుకుంది.

ఆ తర్వాత వదిన ఏ వస్తువునీ ప్లాస్టిక్‌లో చుట్టలేదు. పాప బర్త్ సర్టిఫికెట్, అన్నయ్య ఫొటోలు అన్నీ గుడ్డలో చుట్టి, నెలకోసారి విప్పి ఎండలో ఆరబెడుతుంది. నేను వెళ్లినప్పుడల్లా అరుగు మీద అవి కనిపిస్తాయి. చూడనట్టు లోపలికి పోతాను. నేనైతే బూజు పట్టిన కేసెట్లు శుభ్రం చేయడం నేర్చుకున్నాను. మా గుంపులో అందరూ నా దగ్గరికే తెస్తారు. పట్టని బూజు కోసం ఎంత పనితనం నేర్చుకున్నానో చూడండి.

ఇంకా ఉంది. అసలు చెప్పలేనిది ఇదే. ఆ సినిమా గంటన్నరలో అయిపోతుంది. కేసెట్ అక్కడితో అయిపోదు. పేర్లు పడ్డాక తెర ఒక్కసారి తుళ్లుతుంది. తర్వాత పదిహేను నిమిషాలు పెళ్లినాటి సాయంత్రపు విందు. అన్నయ్య బల్ల బల్లకీ తిరిగి అందరినీ పలకరిస్తుంటాడు. పెదవులు కదులుతాయి, నవ్వుతాడు, ఎవరినో భుజం మీద చరుస్తాడు. వినిపించేది మాత్రం సినిమా పాట. నేను ఆ పెదవుల్ని చదవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో లెక్కలేదు. అన్నయ్యని నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. ఆయన పెళ్లాం చూడలేదు, కూతురు చూడలేదు. చూపిస్తే టేపు పారేయలేదని తెలిసిపోతుంది కదా. కాపీ కావాలన్న స్నేహితులకి సినిమా వరకే తీసి ఇచ్చాను.

పోయిన నెల మేనకోడలు వచ్చింది. దానికీ ఈ సినిమాల పిచ్చే, నా నుంచే అంటుకుంది. ఆ కోతల్లేని సినిమా చూస్తానంటే పెట్టాను. పక్కనే కూర్చుని, రిమోట్ చేతిలోంచి వదలకుండా, పేర్లు మొదలవగానే ఆపేశాను. అది నా పనిముట్లన్నీ చూసి, సగం తమిళంలో సగం తెలుగులో అంది, అమ్మ ఆ టేపుని కవర్లో చుట్టకుండా ఉంటే నువ్వు బాగుచేసేదానివి కదా అత్తా అని. తల్లిని తప్పుపడుతూ కాదు, మామూలుగానే అంది. వాళ్లింట్లో అది అంత మామూలు నిజమైపోయింది. దాని ముఖంలో అచ్చం మా అన్నయ్యే ఉన్నాడు.

ఆ రోజే ఇది రాయడం మొదలుపెట్టాను. తెలుగులో రాస్తున్నాను. వదినకీ పాపకీ తెలుగు మాట తెలుసు, చదవడం రాదు. నాకు మాత్రం ఆదివారపు బడిలో నాలుగక్షరాలు వచ్చాయి. అంటే వాళ్లకి అందని అక్షరాల్లో ఒప్పుకుంటున్నాను. ఇది కూడా దాచడమే కాదా? కావాలనే చేశానా? చేశాననే అనుకుంటున్నాను.

నిన్న పొద్దున దీన్ని మొదటిసారి పైకి చదివాను. రెండుచోట్ల ఆగి, మళ్లీ మొదలుపెట్టాను. అయినా చివరిదాకా చదివాను. చదివాక గుండెల మీద ఏదో కొంచెం జరిగినట్టనిపించింది. దిగలేదు, జరిగింది. శనివారం వదిన ఊరికి బస్సు టికెట్ కొన్నాను. ప్లేయరూ, కేసెట్టూ తీసుకెళతాను, ఇది పైకి చదివి వినిపిస్తాను. ఆ పదిహేను నిమిషాలూ వాళ్లవి. క్షమించమని ఇందులో ఎక్కడా రాయలేదు, అడిగే మొహం నాకు లేదు. వదిన నన్ను గుమ్మంలోంచే పొమ్మనవచ్చు. కానీ పొమ్మనే ముందు ఒక్కటి వినాలి. ఆ పండగ రోజు కవరు విప్పినప్పుడు కేసెట్ మీద చెమ్మ లేదు, ఒక్క మచ్చ లేదు.

నువ్వు బద్రంగానే దాసినావు వదినా.