ఓడలో వంటిల్లు

దూలపల్లిలో ముప్పయ్యేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన లింగమూర్తికి, ఇప్పుడు తూంకుంట ఇంట్లో కిటికీ పక్కనున్న బల్లే కార్ఖానా. పొద్దున చాయ్ తాగగానే భూతద్దం తగిలించుకుని తాను తయారుచేస్తున్న మూరెడు పొడవు యుద్ధనౌక నమూనా ముందు కూర్చుంటాడు. ఇనుము కోసి మొద్దుబారిన వేళ్లతో వెంట్రుకంత రెయిలింగును అతికించేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాడు. భార్య బాలనర్సమ్మ సుగర్ ఇంజక్షన్ తీసుకుని పారేసే సూదులే ఇతనికి ఫిరంగులు. మొనలు అరగదీసి ఇప్పటికి ఇరవై నాలుగు బిగించాడు. ఎవరైనా వంక పెడితే గోడకు అంటించిన ఓడ ప్లాను కాగితం చూపిస్తాడు. “నక్షాల ఉన్నదంత జేసిన. ఒక్క మేకు గూడ ఇడిసిపెట్టలే.”

మొన్న బల్ల తుడవడానికొచ్చిన బాలనర్సమ్మ ఓడను చాలాసేపు చూసింది.

“గింత పెద్ద ఓడల సిపాయిలకు బువ్వ యాడ వండుతరయ్యా?”

“గిది యుద్ధం జేసే ఓడనే, హోటల్ కాదు.”

“యుద్ధం జేసెటోళ్లకు ఆకలి గాదా?” అని ఆమె వెళ్లిపోయింది.

కాసేపటికి అతను లేచి నక్షా ముందు నిలబడ్డాడు. పెద్ద పొగగొట్టం వెనక, సన్నని గీతలా, వంటింటి గొట్టం ఉంది. ఆర్నెల్లుగా కళ్లముందే ఉన్నా ఫిరంగుల ధ్యాసలో దాన్ని చూడనే లేదు.

మర్నాడు ఆమె ఇంజక్షన్ అయ్యేదాకా పక్కనే నిలబడి, సూది అడిగి తీసుకున్నాడు. దాన్ని వంటింటి గొట్టంగా అతికించాక, దేవుడి దీపం మసిని అగ్గిపుల్ల కొనకు అద్ది దాని మూతికి రాశాడు. ఇరవై నాలుగు ఫిరంగులూ కొత్తగానే ఉన్నాయి. ఓడ మొత్తంలో రోజూ వాడుతున్నట్టు కనిపించేది ఆ గొట్టం ఒక్కటే.