ఎదురెక్కిన బందరు కాలువ

అది 2003. విజయవాడ గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. ఉద్యోగ జీవితంలో నేను రాసినవన్నీ జీతాలు, స్టాకుల ప్రోగ్రాములే. ఒక్కసారి మాత్రం వీడియో గేమ్ రాశాను. డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి ఆ గేమ్ విడుదలైన వారం ఎలా గడిచిందో ఇప్పటికీ చెప్పగలను. చెప్పలేకపోయినా బాగుండేది.

ఆట సులువైనదే. ధాన్యం బస్తాలతో విజయవాడలో బయల్దేరిన పడవను బందరు కాలువ వెంట, నీటిని ఆపి వదిలే గేట్లుండే లాకులు దాటిస్తూ సముద్రం దాకా చేర్చాలి. బొమ్మలన్నీ మస్తాన్ వేశాడు. అంతకుముందు సినిమా హాళ్ళకు బ్యానర్లు వేసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. గట్టు మీద కొంగ మెడ తిప్పే తీరు కుదిరేదాకా కుర్చీలోంచి లేవని మనిషి.

పెట్టుబడి సాంబశివరావు గారిది. రిలీజు ఫంక్షన్‌కు హైదరాబాద్ నుంచి డిస్ట్రిబ్యూటర్ వస్తాడని, ఆడి చూసి నచ్చితేనే సీడీలు తీసుకుంటాడని, లేకపోతే ఆఫీసు మూసేయడమేనని ఆయన ముందే చెప్పారు. మస్తాన్‌కు వెనక్కి వెళ్ళడానికి బ్యానర్ల పని కూడా లేదు.

ఫంక్షన్ ముందు రోజు మధ్యాహ్నం సాంబశివరావు గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"మూర్తి గారూ, మన పడవ ఎటు పోతోందండీ?"

"బందరు వైపండీ."

"అంటే తెర మీద కిందకి. కింద అంటే దక్షిణం. ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారు దక్షిణం పనికిరాదన్నారు. పడవ పైకి వెళ్ళాలి."

"బందరు ఉత్తరాన ఉండదు కదండీ!"

"ఆటలో ఎవడు చూస్తాడండీ? మ్యాప్ తిరగేయండి, సాయంత్రానికల్లా అయిపోతుంది."

మ్యాప్ అంటే ఆటలో కాలువలు, గట్లు, ఊళ్ళు ఉండే పెద్ద బొమ్మ. దాన్ని తిరగేయడం తేలికే. కానీ నీటి ప్రవాహం బొమ్మలో ఉండదు, కోడ్‌లో ఉంటుంది. అదీ తిప్పాలి, తర్వాత ఆట మొత్తం ఆడి తప్పులు వెతకాలి. దీన్నే మేము టెస్టింగ్ అంటాం. దానికి కనీసం వారం కావాలని చెప్పాను.

"ముహూర్తం రేపు. వారం అంటారేంటి? నీళ్ళేగా, మీరే తిప్పేయండి!"

మస్తాన్ మానిటర్ వైపే చూస్తూ, "సార్, కొంగల్ని కూడా తలకిందులుగా నిలబెట్టమంటారా?" అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. ఇద్దరం కూర్చుని తిప్పాం. మొదటి లాకు దాకా ఆడి చూసేసరికి సీడీ ఇమ్మని మనిషిని పంపారు.

మర్నాడు ఫంక్షన్ హాలు నిండింది. కొబ్బరికాయ కొట్టారు, కంప్యూటర్‌కు దండ వేశారు, శాలువాలు కప్పారు. డిస్ట్రిబ్యూటర్ ఆటకు కూర్చున్నాడు. పెద్ద తెర మీద పడవ కదిలింది, జనం చప్పట్లు కొట్టారు. మొదటి లాకు గేటు తెరుచుకుంది. అవతలి నీరు గుప్పున మీదకొచ్చి పడవను బయల్దేరిన చోటే పడేసింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ అంతే. కాలువ ప్రవాహాన్ని తిప్పాం కానీ, లాకు వదిలే నీటికి వేరే కోడ్ ఉంది. అది పాత దిక్కుకే పారుతోంది.

"ఏంటయ్యోయ్, మా కాలవ బెజవాడకి ఎదురెక్కుతోంది!" అని వెనక వరసలో ఎవరో పెద్దాయన అరిచాడు. హాలంతా గొల్లుమంది.

"కీబోర్డు కొత్తదండీ, పట్టేసింది," అన్నారు సాంబశివరావు గారు. డిస్ట్రిబ్యూటర్ వాచీ చూసుకున్నాడు. మస్తాన్ గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ముందు వరసలో ఉన్న సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళి, "అయ్యా, పడవ దక్షిణానికి పోతే తప్పేంటండీ?" అని అడిగాను.

"ఏ పడవండీ?"

"మా ఆటలో పడవ. దక్షిణం పనికిరాదన్నారట."

"ఆట మొదలెట్టే మనిషి దక్షిణ ముఖంగా కూర్చోకూడదన్నాను. బందరు వెళ్ళే పడవ అటు పోక గన్నవరం పోతుందా?" అని ఆయన కంప్యూటర్ బల్ల వైపు చూశారు. "అదుగో, కూర్చోబెట్టింది దక్షిణ ముఖంగానే!"

ఆయన చెప్పింది ఆ ఒక్క మాటే. జరగనిదీ ఆ ఒక్కటే.

"భోజనాలు కానివ్వండి, ఈలోగా సరిచేస్తాం," అని డిస్ట్రిబ్యూటర్‌ను బతిమాలాను. పూర్తిగా పరీక్షించిన పాత సీడీ కోసం మస్తాన్ సైకిలెక్కి ఆఫీసుకు వెళ్ళాడు. నేను సాంబశివరావు గారిని అడక్కుండానే బల్లను తూర్పుకు తిప్పించాను. భోజనాలయ్యాక పడవ లాకులన్నీ దాటి సముద్రంలో కలిసింది. డిస్ట్రిబ్యూటర్ ఇంకోసారి ఆడి, కొంగలు ఎవరు వేశారని అడిగాడు. సీడీలు తీసుకుంటానన్నాడు.

వందన సమర్పణలో సాంబశివరావు గారు మైకు పట్టుకుని, "సిద్ధాంతి గారి సలహా మేరకు దిక్కు మార్చబట్టే ఈ విజయం!" అన్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. మస్తాన్ మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టాడు, ఉద్యోగం నిలబడింది మరి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరైనా వచ్చి ఫలానావారు మార్చమన్నారంటే ఆ ఫలానావారి ఇంటికి నేనే వెళ్ళి అడిగేవాణ్ణి. చాదస్తం అన్నవారున్నారు. సగం సార్లు, వాళ్ళు ఆ మాట అననే లేదు.