పర్రలోకి పోయిన రోడ్డు

2022 చివర్లో, వానలు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. నెల్లూరులో రోడ్లు, వంతెనల ఇంజినీర్ల కోసం నడిచే ఒక చిన్న సాంకేతిక గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్‌ని. మా పని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. రోడ్లు వేసేవాళ్లకీ, ఓడరేవులు నడిపేవాళ్లకీ, బస్సులు తిప్పేవాళ్లకీ దేశంలో అక్కడక్కడా ఇలాంటి గ్రంథాలయాలున్నాయి. అవన్నీ ఒక నెట్‌వర్క్‌గా కలిసి పనిచేస్తాయి. మాకు ఎదురైన చిక్కు ఇంకోచోట ఎవరికో ముందే ఎదురై ఉంటుంది. వాళ్లు తెలుసుకున్నది అడిగినవాళ్లకు చేర్చడమే మా ఉద్యోగం. అడిగే ప్రశ్నను క్వెరీ అంటాం. మాకు వచ్చే క్వెరీలు ఎక్కువగా తారు గురించో, కంకర గురించో, వంతెన కింద మట్టి కోసుకుపోవడం గురించో ఉంటాయి.

ఆ మధ్యాహ్నం డిప్యూటీ ఇంజినీరు శ్రీహరి గారు ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. కుడిచేతికి కట్టు, గడ్డం మాసి ఉంది. పేరు ఓబులేసు, కర్నూలు వైపు లారీ డ్రైవరు. కోట అనే ఊరు దాటాక సముద్రం వైపు పోయే రోడ్డులో, రొయ్యల మేత లోడుతో తెల్లవారుజామున వస్తూ, ఒక మలుపు దగ్గర తిరగకుండా నేరుగా పర్రలోకి దిగిపోయాడు. పర్ర అంటే ఉప్పునీళ్లు వచ్చి పోతుండే బురద బయలు. లారీ పక్కకు ఒరిగింది. పక్క సీట్లో ఉన్న బావమరిది అక్కడికక్కడే చనిపోయాడు. నిద్రపోయి నడిపాడని పోలీసులు కేసు రాశారు.

"ఆ మలుపులో ఇంతకుముందు కూడా బండ్లు దిగినాయి మేడం. మనిషి పోవడం ఇదే మొదలు," అన్నారు శ్రీహరి గారు. "రోడ్డు కొలిచి చూసినా. మలుపు ఏమంత పెద్దది కాదు, తారు బాగుంది, హెచ్చరిక బోర్డు ఉంది. నేను రిపోర్టు రాయాల. ఏమని రాయాలో తెలియడం లేదు. ముందు ఇతని మాట వినండి."

ఓబులేసు నేల చూస్తూ చెప్పాడు. "నేను నిద్రపోలేదు మేడం. రోడ్డు నేరుగా ఉండాది. నల్లగా, తడిగా, పక్కన వరసగా స్తంభాలు. నేను రోడ్డు మీదనే పోయినా."

"అక్కడ రోడ్డు లేదు కదా," అన్నాను మెల్లగా.

"తెల్లారినాక చూసినా. లేదు. అయితే వాడూ చూసినాడు మేడం. 'ఊరొచ్చింది బావా, ఆపు, టీ తాగుదాం' అన్యాడు. అదే వాని కడపటి మాట. నాకు నిద్ర పట్టిందే అనుకోండి, వానికీ అదే కల వస్తాదా?"

మలుపుకు అవతల ఊరేమీ లేదని శ్రీహరి గారు చెప్పారు. సముద్రం దాకా బురదే.

నేను మా పద్ధతిలోనే క్వెరీ రాసి నెట్‌వర్క్‌లో పెట్టాను. మలుపు వ్యాసార్థం, వాహనాల రకం, రన్-ఆఫ్-రోడ్ ప్రమాదాలు, అంటే బండి మరో బండిని గుద్దకుండా రోడ్డు విడిచి పోవడం. జవాబులు చాలానే వచ్చాయి. మలుపుల్లో బోర్డులు ఎంత ఎత్తున పెట్టాలో, గీతలు ఎంత మందంగా వేయాలో చెప్పే నియమాలు. అన్నీ సరైనవే. కానీ బురదలో రోడ్డు ఎందుకు కనిపించిందో వాటిలో ఒక్కదానిలోనూ లేదు.

మర్నాడు క్వెరీ మళ్లీ పంపాను. ఈసారి ఓబులేసు మాటలను ఉన్నవి ఉన్నట్టు అనువదించి పెట్టాను. రోడ్డు నేరుగా ఉంది. స్తంభాలున్నాయి. ఊరొచ్చింది, టీ తాగుదాం. పంపే ముందు ఇంకోసారి చదువుకున్నాను. ఇంజినీర్లు చదివే చోట దెయ్యం కథ పెట్టినట్టు అనిపించింది.

భోజనం డబ్బా ఇంకా మూత పెట్టలేదు, ఫోన్ మోగింది. గుజరాత్ తీరంలో మాలాంటి గ్రంథాలయం చూసే హేమాబెన్ అనే ఆవిడ. అంతకుముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పలకరింపులు కూడా లేకుండా అడగడం మొదలుపెట్టారు.

"అలా దిగినవాళ్లు ఆ చుట్టుపక్కలవాళ్లా?"

"కాదు. మా ఇంజినీరు గారి లెక్కలో అందరూ బయటి డ్రైవర్లే."

"వాన పడ్డాక, సూర్యుడు రాకముందు?"

"అవును."

"ఆ మలుపు వేయకముందు, రోడ్డు నేరుగా ఏ ఊరికి పోయేది?"

జవాబులు వచ్చాయేమో చూద్దామని వచ్చి నా ఎదురుగా కూర్చున్న శ్రీహరి గారిని అడిగాను. ఆయన ఈ జిల్లాకు వచ్చే నాటికే మలుపు ఉందట. ఫోన్‌లో ఆవిడ నిట్టూర్చారు.

వాళ్ల దగ్గర ఉప్పు మళ్ల మధ్య ఒక ఊరు ఉండేదట. సముద్రం ముందుకొచ్చి జనం ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. రోడ్డును పక్కకు తిప్పారు. పాత రోడ్డు బురదలో కలిసిపోయింది కానీ కరెంటు స్తంభాలు అలాగే నిలబడ్డాయి. మసక వెలుతురులో కన్ను దూరంగా తారును వెతకదు, స్తంభాల వరసనూ చెట్ల వరసనూ పట్టుకుని పోతుంది. తడి బురదకూ తడి తారుకూ ఆ వేళలో ఒకటే రంగు. మిగతాది మనసు పూరించుకుంటుంది.

"వెళ్లి చూడండి. కానీ బండి మీరిద్దరూ నడపొద్దు. ఆ దారి అలవాటైన మనిషి చేత నడిపించండి. ఎదురుగా చూడొద్దని, పక్కన తారు అంచు మాత్రమే చూడమని చెప్పండి."

వారం తిరగకముందే మళ్లీ వాన పడింది. తెల్లవారకముందే శ్రీహరి గారి జీపులో బయల్దేరాం. డ్రైవరు ఖాదర్‌ది కోట పక్క ఊరే. కోట దాటాక రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే చక్రాల చప్పుడు కొంతదూరం వినిపించి ఆగిపోయింది. సరుగుడు తోటలు కూడా అయిపోయాయి. ఆ తర్వాత రెండు వైపులా ఏమీ లేదు. ఆకాశమూ నేలా ఒకే బూడిద రంగులో ఉన్నాయి. పిట్ట కూడా అరవలేదు.

అప్పుడు చూశాను. మా ముందు రోడ్డు నేరుగా పోతోంది. నల్లగా, నున్నగా, వాన తడితో మెరుస్తూ. పక్కన స్తంభాలు ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ దూరాన మంచులోకి పోతున్నాయి. ఆ రోడ్డు లేదని నాకు తెలుసు. దాన్ని చూడడానికే వచ్చాను. అయినా అది ఉంది.

ఖాదర్ స్టీరింగ్ ఎడమకు తిప్పాడు. మంచి రోడ్డు వదిలి బురదలోకి దించుతున్నాడనిపించింది. శ్రీహరి గారు ముందు కడ్డీ పట్టుకుని, "ఖాదర్, యాడికి పోతన్నావ్?" అన్నారు.

"రోడ్డు మీదనే పోతా ఉండా సార్," అన్నాడు ఖాదర్, తారు అంచు మీంచి కళ్లు ఎత్తకుండా.

జీపు ఆపించి దిగాం. వెనక్కి తిరిగి చూస్తే బురద, తీగలు లేని స్తంభాలు, కొన్ని మొండి తాటిచెట్లు. అంతే.

"ఇళ్లేమన్నా కనిపించినాయా మీకు?" అని అడిగారు శ్రీహరి గారు.

"లేదు సార్. మీకు?"

ఆయన స్తంభాల వైపు ఇంకోసారి చూశారు. "లేదు," అన్నారు చివరికి.

కాస్త వెలుగు వచ్చాక పర్రలోంచి ఒకామె పీతల బుట్టతో గట్టెక్కింది. పేరు పోలమ్మ. ఇక్కడ ముందు ఊరేమన్నా ఉండేదా అని అడిగాను.

"ఉండేదే అమ్మా. ఆ స్తంభాలు పోయేది మా పాతపాలేనికే," అంది చెయ్యి చాపి. "తుఫానుకు నీళ్లొచ్చినాయి, మళ్లా తియ్యలేదు. మమ్మల్ని అందరినీ ఇవతల కొత్త కాలనీకి తెచ్చినారు. ఊరి మొదట్లో నాదే టీ అంగడి. లారీలోళ్లందరూ నా కాడనే ఆగేవాళ్లు."

నేను శ్రీహరి గారి వైపు చూడలేదు. ఆయనా నా వైపు చూడలేదు. తెల్లవారుజామున ఊరు కనిపిస్తే ఏ లారీ మనిషికైనా టీయే గుర్తొస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను.

తర్వాత పనులు చకచకా జరిగాయి. స్తంభాలు పీకించారు. మలుపంతా షెవ్రాన్ బోర్డులు పెట్టారు, అంటే పసుపు మీద నల్ల బాణాలు గీసి, వంపు ఎటు తిరుగుతుందో చూపించే పలకలు. స్తంభాలు తీసే రోజు పోలమ్మ గట్టు మీద నిలబడి చూసిందట. "మంచి పనే సార్. అయితే ఊరు యాడుండిందో ఇంక మాకే తెలవదు," అందని శ్రీహరి గారు చెప్పారు.

ఆయన రిపోర్టు చూశాక పోలీసులు నిద్ర మాట వదిలేశారు. కేసు నుంచి బయటపడ్డ ఓబులేసు ఒకసారి గ్రంథాలయానికి వచ్చాడు. మళ్లీ లారీ ఎక్కలేదని, ఊళ్లో మిల్లులో పని చూసుకున్నానని చెప్పాడు. నేను నెట్‌వర్క్ కోసం ఈ కేసు మీద ఒక నోట్ తయారుచేస్తున్నాను. అందులో బావమరిది మాట తీసేద్దామని, సాంకేతిక పత్రంలో అది బాగుండదని శ్రీహరి గారు అన్నారు. ఆ సంగతి ఓబులేసుకు చెప్పాను.

"ఉండనీయండి మేడం," అన్నాడు. "మా ఆవిడ ఇప్పటికీ నేను నిద్రపోయినాననే అనుకుంటాది. దాని తమ్ముడు మేలుకొనే ఉన్యాడని యాడన్నా ఒకచోట రాసుండాల."

ఆ మాట ఉంచాను. శ్రీహరి గారు మళ్లీ అడ్డుచెప్పలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒకటి మారింది. ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ల మాటలను ఇంజినీర్ల భాషలోకి మార్చి పంపడం మానేశాను. కొలతలు కొలతల్లాగే పంపుతాను, మాటలు మాటల్లాగే. లారీ మనిషి మాట లారీ మనిషి మాటలాగే వెళ్లినందువల్లనే హేమాబెన్ ఆ రోజు ఫోన్ చేశారు. ఆ నోట్ చదివి రెండు మూడు తీరాల్లో పాత స్తంభాలు తీయించారని కూడా తర్వాత తెలిసింది.

వాళ్లలో ఒకాయన, తూర్పు తీరంలో మాకు చాలా ఉత్తరాన ఉన్న ఓడరేవు గ్రంథాలయం ఆయన, పోయిన ఏడాది ఫోన్ చేశారు. ధన్యవాదాలు చెప్పారు. మాట ముగిసిందనుకున్నాను కానీ ఆయన ఫోన్ పెట్టలేదు.

"ఒక సంగతి అడగాలి మేడం. మీ దగ్గర స్తంభాలు తీసేశాక, ఆ ఊరు మళ్లీ ఎవరికైనా కనిపించిందా?"

ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఎందుకు అడుగుతున్నారని నేను అడగలేదు. మా దగ్గర ఆ తర్వాత ఒక్క బండీ దిగలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. రోజూ ఎందరు ఆ మలుపు తిరిగి ఏం చూసి మాట్లాడకుండా పోతున్నారో నాకు తెలియదు. మా దగ్గర రాసి లేదంటే జరగలేదని కాదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇది నాకు తెలియక కాదు, కానీ ఆ ఫోన్ పట్టుకుని నిలబడ్డప్పుడే ఒళ్లంతటికీ తెలిసింది.

"కనిపించిందని ఎవరూ చెప్పలేదు సార్," అన్నాను.

కనిపించలేదు అని మాత్రం అనలేకపోయాను. ఆయనకు ఆ తేడా అర్థమైంది. సరేనని ఫోన్ పెట్టేశారు.